మిద్దె మీద చికోరీ: విత్తనం నుంచి డికాక్షన్ దాకా

ఇంట్లో ఉన్న కాఫీ పొడి ప్యాకెట్ ఒకసారి తీసి చూడండి. కాఫీ ఇంత శాతం, చికోరీ ఇంత శాతం అని రాసి ఉంటుంది. మన ఆహార భద్రత నిబంధనల ప్రకారం మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, అంటే చికోరీ 49 దాకా పోవచ్చన్నమాట. చాలా ఇళ్లలో పొద్దున్నే తాగే కాఫీలో దాదాపు సగం కాఫీ కాదు, వేయించి దంచిన ఒక వేరు. అది తప్పని నేననను. చికోరీ అసలు లేని డికాక్షన్ నాకు పల్చగానే అనిపిస్తుంది, ఆ చిక్కదనం, ఆ మాడీ మాడని బెల్లం వాసన లేకపోతే తాగినట్టే ఉండదు. నా కోపమల్లా ఇంత కలిపాం అని చెప్పకుండా కాఫీ ధరకి చికోరీ అమ్మేవాళ్ల మీద. మా వీధి చివర పొడి ఆడించే కొట్లో 80కి 20 అని డబ్బు తీసుకుని నెలల తరబడి ఎంత కలిపారో దేవుడికే తెలియాలి. ఆ కోపంలోనే మూడేళ్ల కిందట మిద్దె తోటలో చికోరీ వేశాను. మొదటి ఏడు మొత్తం పోయింది, రెండో ఏడు సగం పోయింది. మీకు ఆ రెండేళ్లూ మిగలాలని ఇది రాస్తున్నా.

పని మొదలుపెట్టే ముందు మీ దగ్గరున్న పొడిని పరీక్షించుకోండి, అరనిమిషం పని. గాజు గ్లాసు నిండా చల్లటి నీళ్లు పోసి పైన అర చెంచా పొడి చల్లండి, కలపొద్దు. కాఫీలో నూనె ఉంటుంది కాబట్టి పైనే తేలుతుంది. చికోరీ పలుకులు నీళ్లు పీల్చుకుని కొన్ని సెకన్లలోనే కిందికి దిగుతాయి, దిగుతూ గోధుమరంగు చారలు వదులుతాయి. సరిగ్గా ఎంత శాతమో దీంతో తేలదు కానీ "మాది ప్యూర్ కాఫీ సార్" అన్నవాడి మాట నిజమో కాదో తెలిసిపోతుంది.

విత్తనం, అదను

చికోరీ చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబం మొక్క. నీలం పూలు పూస్తుంది. మన దేశంలో ప్రధానంగా గుజరాత్‌లో జామ్‌నగర్ వైపు, ఉత్తరప్రదేశ్‌లో ఏటా, కాస్‌గంజ్, అలీగఢ్ వైపు శీతాకాలం పంటగా వేస్తారు. యునానీ మందుల కొట్లో కాస్నీ అని అడిగితే ఇచ్చే విత్తనాలూ ఇవే జాతి, కానీ అవి కొనకండి, మందుకి పెట్టిన గింజ ఎన్నేళ్లనాటిదో తెలియదు, మొలక గ్యారంటీ ఉండదు. విత్తనం కొనేటప్పుడు వేరు రకమా, ఆకు రకమా అని అడగడం ముఖ్యం. ఆన్‌లైన్‌లో చికోరీ అని వెతికితే ఎక్కువగా వచ్చేది రాడికియో, అంటే ఎర్ర క్యాబేజీలా గుండ్రంగా చుట్టుకునే ఇటలీ సలాడ్ ఆకు. చూడ్డానికి బాగుంటుంది గానీ దాని వేరుతో మీకు కాఫీ రాదు. వేరు రకానికి ముల్లంగిలా లావైన తెల్లటి తల్లివేరు ఊరుతుంది.

మన దగ్గర అదను స్వాతి, విశాఖ కార్తెలు, అంటే అక్టోబర్ చివర్నుంచి నవంబర్ మధ్యదాకా. పంటకి దాదాపు నాలుగు నెలలు పడుతుంది. సంక్రాంతి దాటాక వేస్తే ఇక వేయనట్టే లెక్కపెట్టుకోండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, ఆ తర్వాత హైదరాబాద్ మిద్దె మీద ఎండకి ఆకు వడలిపోతుంది, వేరు ఊరదు.

మట్టి

కనీసం 15 అంగుళాల లోతు గ్రో బ్యాగ్ కావాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్ ఒక పాలు. మట్టిని జల్లెడ పట్టండి, బద్ధకించొద్దు, ఎందుకంటే కిందికి దిగే వేరుకి చిన్న రాయి అడ్డొచ్చినా అక్కడ రెండుగా చీలిపోతుంది. పచ్చి పేడ వేసినా అంతే. నల్లరేగడి అయితే ఇసుక ఇంకా పెంచాలి, లేకపోతే తీసేటప్పుడు వేరు విరిగి సగం లోపలే ఉండిపోతుంది. ఎరువు ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి చూసినవాళ్లంతా మెచ్చుకుంటారు, కింద మాత్రం వేలెడంత వేరు ఉంటుంది. నెలన్నర తర్వాత గుప్పెడు కట్టెల బూడిద చల్లితే చాలు.

విత్తడం

మొదటి ఏడు నేను చేసిన తప్పు ఇక్కడే. టమాటాకి, వంకాయకి పోసినట్టు ట్రేలో నారు పోసి తర్వాత మార్చి నాటాను. మొక్కలు బతికాయి, పచ్చగా ఉన్నాయి, నాలుగు నెలలు నీళ్లు పోశాను. చివర్లో తవ్వి చూస్తే అల్లం కొమ్ముల్లా మెలికలు తిరిగిన పీచు! నాటేటప్పుడు తల్లివేరు కొస తెగితే ఇక అది నిటారుగా దిగదు. కాబట్టి ముల్లంగి, క్యారెట్‌లాగే నేరుగా విత్తాల్సిందే.

గింజ ఆవగింజ కన్నా చిన్నది. చిటికెడు గింజకి గుప్పెడు పొడి ఇసుక కలిపి చల్లండి, పైన అర సెంటీమీటరు మించకుండా మెత్తటి మట్టి కప్పి స్ప్రేతో తడపండి. మగ్గుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి. పైన తడి గోనెపట్టా కప్పి రోజూ ఎత్తి చూడండి, మొదటి మొలక కనబడగానే తీసేయండి. వారం, పది రోజుల్లో మొలుస్తాయి.

నాలుగు ఆకులు వచ్చాక పలచన చేయాలి. మొక్కకీ మొక్కకీ కనీసం నాలుగు అంగుళాలు. 15 అంగుళాల బ్యాగ్‌లో ఐదారు మొక్కలకి మించి ఉంచొద్దు. మొలిచిన మొక్కని పీకడానికి ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు, కానీ పది ఉంచితే పదీ పెన్సిళ్లే అవుతాయి. పీకిన లేత మొక్కల్ని పప్పులో వేసేయండి.

తర్వాత పెద్ద పనేం లేదు. తడి సమానంగా ఉండాలి, ఒకరోజు ఎండబెట్టి మర్నాడు ముంచితే వేరు పగులుతుంది. నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది. పేనుబంక వస్తే వేపనూనె కొట్టండి. ఆకు కోసుకోవచ్చు గానీ బయటి వరసలో రెండు మూడు మాత్రమే, అదీ పక్షానికోసారి. వేరుకి తిండి పెట్టేది ఆ ఆకే కదా.

తవ్వకం, ఎండబెట్టడం, వేయించడం

ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో తవ్వండి. మధ్యలోంచి పూకాడ లేస్తే ఆగొద్దు, వేరులో దాచుకున్న సరుకంతా ఆ కాడకే పోయి వేరు కట్టెలా గట్టిపడుతుంది. బ్యాగ్‌ని పక్కకి పడుకోబెట్టి మట్టి జార్చితే వేర్లు విరక్కుండా వస్తాయి. కోస్తే తెల్లటి పాలు కారతాయి, నాలుక మీద పెట్టుకుంటే కాకరకాయ నయం అనిపించేంత చేదు, కంగారు పడకండి, అది అలాగే ఉండాలి.

బ్రష్‌తో రుద్ది కడగండి, చెక్కు తీయక్కర్లేదు, నీళ్లలో నానబెట్టొద్దు. సెంటీమీటరు ముక్కలుగా తరగండి, అన్నీ ఒకే సైజులో. సన్నవీ లావువీ కలిస్తే వేయించేటప్పుడు సన్నవి మాడతాయి, లావువి పచ్చిగా ఉంటాయి. వడియాల్లాగే పాత నూలు చీర మీద పరిచి నాలుగైదు రోజులు ఎండబెడితే, చేత్తో తీసుకుని ఊపినప్పుడు గలగలమనాలి, విరిస్తే టక్కున విరగాలి. పచ్చి వేరులో నాలుగింట మూడు వంతుల పైన నీళ్లే కాబట్టి కిలో వేరుకి పావు కిలో ఎండు ముక్కలు కూడా రావు, వేయించాక ఇంకా తగ్గుతుంది. ఒక బ్యాగ్‌తో ఏడాది పొడి వస్తుందని ఆశ పెట్టుకుంటే ఇప్పుడే వదిలేసుకోండి. నాకు పోయినేడు ఎనిమిది బ్యాగులకి ఒక హార్లిక్స్ సీసా నిండింది.

ఇక వేయించడం. రెండో ఏడు నేను పాడుచేసింది దీన్నే. మందపాటి ఇనుప మూకుడు, సన్నని మంట, చేయి ఆపకుండా కలపడం. వేరులో ఇనులిన్ అనే పిండి పదార్థం ఉంటుంది, పచ్చి వేరు బరువులో 15 నుంచి 20 శాతం దాకా. వేడికి అది విరిగి చక్కెరలుగా మారి పాకంలా మాడడం మొదలవుతుంది, చికోరీకి ఆ రంగు, ఆ వాసన అందుకే. ముక్క ముందు బంగారు రంగు, తర్వాత రాగి రంగు, తర్వాత ముదురు గోధుమ రంగు అవుతుంది. రాగి రంగు దాకా నెమ్మదిగా పోతుంది, ఇంకా ఎంతసేపురా అని విసుగు పుడుతుంది, అక్కడ్నుంచి రెండు నిమిషాల్లో బొగ్గవుతుంది. నేను ఫోన్ ఎత్తాను, అంతే. కాబట్టి మీకు కావాల్సిన రంగుకి ఒక మెట్టు ముందే దించి వెడల్పాటి పళ్లెంలోకి పోసేయండి, మూకుడులోనే వదిలితే ఆ వేడికే మాడుతుంది. ఓవెన్ ఉన్నవాళ్లు 170, 180 డిగ్రీల దగ్గర అరగంట పైన పెట్టి మధ్యమధ్యలో కలపండి. కిటికీలు తెరిచి ఉంచండి. పూర్తిగా చల్లారాక మిక్సీ పట్టి, జల్లించి, గాలి చొరని సీసాలో పెట్టండి. చికోరీ గాల్లో తేమని పీల్చేస్తుంది, వానాకాలంలో మూత వదులుగా ఉంటే బెల్లం అచ్చులా గడ్డకడుతుంది.

కలపడం

కాఫీ గింజలతో కలిపి వేయించొద్దు, దేనికి పట్టే వేడి, టైం దానివే. పొడులు తయారయ్యాక తూకం వేసి కలపండి. చెంచాలతో కొలిస్తే లెక్క తప్పుతుంది. మొదట 80 గ్రాముల కాఫీకి 20 చికోరీ. పాలు ఎక్కువ పోసుకునేవాళ్లు 70కి 30 దాకా వెళ్లొచ్చు, ఆపైన నాకైతే కషాయం తాగినట్టుంటుంది. చికోరీలో నీళ్లలో కరిగే పదార్థం కాఫీలో కన్నా చాలా ఎక్కువ, అందుకే తక్కువ పొడితోనే నల్లటి డికాక్షన్ వస్తుంది, అందుకే హోటళ్లకి అదంటే అంత ప్రేమ. మెత్తగా ఆడిస్తే ఫిల్టర్ జల్లెడ మూసుకుపోయి డికాక్షన్ చుక్కచుక్కగా కూడా దిగదు, కాస్త బరకగా ఉంచండి, పైన బిళ్లతో గట్టిగా అదమకండి. అరకు కాఫీ లాంటి మంచి అరబికా కొనుక్కుని దాన్లో మాత్రం చికోరీ కలపకండి, ఆ గింజకున్న సన్నటి వాసనంతా దీని కింద అణిగిపోతుంది. దీనికి రోబస్టా కలిసిన మామూలు పొడే సరైన జోడీ.

చికోరీలో కెఫీన్ లేదు. రాత్రిపూట కాఫీ తాగాలనిపించేవాళ్లు చెంచాడు చికోరీ పొడిని గ్లాసు నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు మరిగించి వడకట్టి పాలు కలుపుకోవచ్చు. ఫ్రాన్స్‌లో ఇలా తాగడం నెపోలియన్ కాలంలో జోరందుకుంది. 1806లో ఆయన బ్రిటన్ సరుకుని యూరప్‌లోకి రానివ్వకుండా కట్టడి చేశాడు, దాంతో కాఫీ కరువైంది. అమెరికా అంతర్యుద్ధంలో న్యూ ఆర్లీన్స్ రేవుని దిగ్బంధించినప్పుడూ ఇదే కథ. కరువు తీరాక కూడా ఆ ఊరివాళ్లు చికోరీ మానలేదు, రుచి అలవాటైపోయింది. మన కథా అంతే అనుకుంటా.

ఆకుతో ఏం చేయాలి

ఉప్పు వేసిన నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, గట్టిగా పిండి వండండి, చేదు సగానికి సగం పోతుంది. ఇటలీ దక్షిణాన పూలియాలో ఎండు బాకలా చిక్కుడు పప్పుని మెత్తగా ఉడికించి పక్కన ఉడకబెట్టిన చికోరీ ఆకు పెట్టుకుని ఆలివ్ నూనె పోసుకు తింటారు. చూడబోతే మన పప్పుకూరే. కందిపప్పు, చింతపండు, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపుతో మెంతికూర పప్పులా చేస్తే బ్రహ్మాండంగా కుదురుతుంది. మా అత్తయ్య మొదటిసారి ముద్ద నోట్లో పెట్టుకుని "ఇదేం కూరమ్మా, వేపాకు వేశావా?" అంది, రెండోసారి తనే అడిగి వేయించుకుంది.

మరి ఇది జీఎం పంటా?

ఎవరికి ఈ మొక్క చూపించినా వచ్చే ప్రశ్న ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తా. మీ కప్పులో ఉన్న చికోరీ జన్యుమార్పిడిది (జీఎం) కాదు. మన దేశంలో అనుమతితో రైతులు సాగు చేస్తున్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే, 2002 నుంచి. విత్తన ప్యాకెట్ మీద ఎఫ్1 హైబ్రిడ్ అని ఉంటే భయపడొద్దు, హైబ్రిడ్ అంటే రెండు రకాల్ని సంకరం చేసిన విత్తనం, అదీ జీఎం ఒకటి కాదు.

అయితే జీఎం చికోరీ అసలు పుట్టలేదా అంటే పుట్టింది. 1990ల్లో నెదర్లాండ్స్‌కి చెందిన బేయో జాడెన్ అనే విత్తన కంపెనీ రాడికియోలో చేసింది. ఎందుకంటే చికోరీలో హైబ్రిడ్ విత్తనం తయారు చేయడం నరకం. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి బోలెడు చిన్న పూల గుత్తి, ఒక్కోదాంట్లో ఆడా మగా రెండూ ఉంటాయి, పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికే ముడుచుకుంటాయి. పత్తిలో చేసినట్టు ఒక్కో పువ్వుకీ చేత్తో పుప్పొడి తిత్తులు గిల్లడం ఇక్కడ కుదరదు. అందుకని ఒక నేల బ్యాక్టీరియాలోని బార్నేజ్ అనే జన్యువుని పెట్టారు. అది పుప్పొడి తయారయ్యే పొరని మాత్రమే చంపుతుంది, మొక్క మగతనం పోతుంది, ఇక పక్క వరసలోని రకం పుప్పొడితోనే గింజ కడుతుంది, అంటే ప్రతి గింజా హైబ్రిడ్డే. దానికి తోడు గ్లూఫోసినేట్ అనే కలుపుమందుని తట్టుకునే జన్యువు కూడా పెట్టారు, మందు కొడితే బార్నేజ్ లేని మొక్కలు చచ్చి ఉన్నవే మిగులుతాయని. యూరప్ 1996లో విత్తనోత్పత్తి పనికి మాత్రం అనుమతిచ్చింది, అమెరికా 1997లో అనుమతిచ్చింది. అయినా మార్కెట్లో నిలబడలేదు.

బార్నేజ్ పేరు ఎక్కడో విన్నట్టుందా? మన జీఎం ఆవాలు, డీఎంహెచ్-11, ఉన్నాయి చూడండి, 2022 అక్టోబర్‌లో అనుమతి వచ్చి, 2024 జులైలో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చిన కేసు, అందులో ఉన్నదీ ఇదే జన్యువు. ఒక తేడా ఉంది, అది నాకు భలే నచ్చింది. ఆవాల్లో రైతుకి కావాల్సింది గింజ, పువ్వు గొడ్డుబోతే గింజ రాదు, అందుకే పుప్పొడి ఇచ్చే తండ్రి మొక్కలో బార్‌స్టార్ అనే విరుగుడు జన్యువు పెట్టాల్సి వచ్చింది. చికోరీలో కావాల్సింది ఆకో వేరో కాబట్టి విరుగుడు అక్కర్లేదు.

ఇప్పుడు నడుస్తున్నది జన్యు సవరణ, అంటే బయటి జన్యువు పెట్టకుండా ఉన్నదాన్నే క్రిస్పర్ అనే పద్ధతితో కత్తిరించడం. యూరోపియన్ యూనియన్ డబ్బుతో 2018లో మొదలైన చిక్ అనే పరిశోధన ప్రాజెక్టు వేరు చికోరీ మీదే పనిచేసింది. చలి ముదిరితే వేరులో ఒక ఎంజైమ్ ఇనులిన్ గొలుసుల్ని ముక్కలు చేస్తుంది. ఇనులిన్ తీసే ఫ్యాక్టరీలకి పొడుగు గొలుసులు కావాలి, కాబట్టి ఆ ఎంజైమ్ జన్యువుని పనిచేయకుండా చేయడం ఒక లక్ష్యం, చేదు పదార్థాల్ని మందులకి పనికొచ్చేలా మలచడం ఇంకోటి. ఆ 2018 జులైలోనే యూరప్ కోర్టు జన్యు సవరణ పంటలకీ జీఎం చట్టమే వర్తిస్తుందని తేల్చింది. మన దేశం 2022లో వేరే దారి పట్టింది, బయటి జన్యువు మిగలని సవరణ పంటలకి జీఎం నిబంధనల్లో చాలావాటిని మినహాయించింది. 2025 మేలో ప్రకటించిన కమల వరి అలా వచ్చిందే, మన రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థలో మన సాంబ మసూరిని సవరించి చేశారు.

నన్నడిగితే, చికోరీలో నాకు బెంగ తినేదాని గురించి కాదు, పుప్పొడి గురించి. చికోరీ తన పుప్పొడితో తాను దాదాపు గింజ కట్టదు, తేనెటీగలు పక్క మొక్క నుంచి తేవాలి. ఉత్తరాదిన బర్సీమ్ పశుగ్రాసం చేలల్లో కాస్నీ కలుపు మొక్కగా మొలుస్తుంది, అదీ ఇదే జాతి. కలుపుమందుని తట్టుకునే జన్యువు సాగు చికోరీ నుంచి ఆ కలుపులోకి పోతే వెనక్కి తేలేం. మిద్దె మీద మీకు దీనివల్ల పడే పని ఒక్కటే: విత్తనం దాచుకోవాలంటే ఒక్క మొక్కని వదిలితే లాభం లేదు, నాలుగైదు ఒకేసారి పూయాలి. పైగా మంచి చలి తగలందే పూకాడ రాదు, మన మైదానాల్లో అది నమ్మకం లేదు. ఏటా కొనుక్కోవడమే.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి

వయ్యారిభామ మొక్క తగిలితే దద్దుర్లు, తుమ్ములు వచ్చేవాళ్లు ముందు చాలా కొంచెం తాగి చూడండి, రెండూ ఒకే కుటుంబం. ఇనులిన్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకి తిండే గానీ ఎక్కువైతే కడుపు ఉబ్బరం, గ్యాస్ ఖాయం. గర్భిణులు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు డాక్టర్‌ని అడగండి. వేయించిన చికోరీలో అక్రిలమైడ్ (వేయించే వేడికి పుట్టే, క్యాన్సర్ తెస్తుందేమోనని అనుమానం ఉన్న పదార్థం) కాఫీ కన్నా ఎక్కువ ఉంటుంది, యూరప్‌లో పెట్టిన మార్గదర్శక స్థాయి కాఫీకి కిలోకి 400 మైక్రోగ్రాములైతే చికోరీకి 4,000. కెఫీన్ లేదు కదా అని రోజుకి ఆరు కప్పులు లాగించకండి.

చలిదేశాల్లో ఉన్నవాళ్లకి

నెదర్లాండ్స్‌లోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న మనవాళ్లు మే, జూన్‌లలో విత్తి శరదృతువులో తవ్వండి. విట్‌లూఫ్ రకం దొరికితే దానితో ఇంకో సరదా పని ఉంది, బెల్జియం వాళ్ల కనిపెట్టు. వేరు మీద ఒక అంగుళం కాడ ఉంచి ఆకంతా కోసేసి, బకెట్‌లో తడి ఇసుక పోసి వేర్లని నిలువుగా గుచ్చి, పైన ఇంకో బకెట్ బోర్లించి చీకటి గదిలో పెట్టండి. 15, 18 డిగ్రీల దగ్గర మూడు నాలుగు వారాల్లో తెల్లటి, పసుపు అంచున్న మొగ్గ లాంటి ఆకు ముద్ద వస్తుంది, పచ్చిగానే తినొచ్చు. మధ్యలో ఇసుక తడి చూసుకోండి, అదీ రాత్రిపూట దీపం ఆర్పి. వెలుగు తగిలితే ఆకు పచ్చబడి చేదెక్కుతుంది.